స్టాంపు మీద పాండిచ్చేరి – 5
పండుగ పారిస్‌ది, కాసులు మనవి

కిందటి భాగంలో 1914 దగ్గర ఆగాం. ఫ్రెంచి వలసలన్నిటికీ ఒకే మూస స్టాంపు పంపుతూ వచ్చిన పారిస్, 1892లో మన దేశంలోని అయిదు స్థావరాలకు విడిగా పేరు అచ్చువేసి ఇవ్వడం, 1903లో చిన్న విలువల బిళ్లలు అయిపోతే వేరే స్టాంపుల మీద కొత్త ధర కొట్టి గండం గట్టెక్కడం చూశాం. 1914లో మొదటిసారిగా ఈ నేల బొమ్మలే స్టాంపుకెక్కాయి: ఒకదాని మీద బ్రహ్మ, ఇంకోదాని మీద పాండిచ్చేరి దగ్గరి కాళీ గుడి. అంతలో యుద్ధం వచ్చింది. రెడ్‌క్రాస్ చందా కోసం స్టాంపు ధర మీద మరో అయిదు సెంతీములు వసూలు చేసిన రోజులవి.

యుద్ధం ముగిసింది. ఫ్రాన్స్ గెలిచింది కానీ దాని ఫ్రాంకు ఓడిపోయింది. యుద్ధానికి ముందు పాతిక ఫ్రాంకులిస్తే ఒక ఇంగ్లీషు పౌను వచ్చేది. 1926 వేసవి నాటికి పౌనుకు రెండు వందల ఫ్రాంకులు పోసినా చాలని పరిస్థితి. ఈ పతనం పారిస్‌లో మంత్రివర్గాలను కూలిస్తే, పాండిచ్చేరిలో తపాలా లెక్కలను తారుమారు చేసింది. ఎందుకంటే ఈ ఊళ్లో ఫ్రాంకు దొరల దస్తరాల్లోనే ఉండేది. కాలవకు పడమటివైపు, దూప్లే వీధి అంగళ్లలో, మార్కెట్లో చెలామణీ అయ్యేది రూపాయే. బియ్యం, బట్ట, కిరసనాయిలు అన్నీ చుట్టూ ఉన్న బ్రిటిష్ ఇండియాతో లావాదేవీలే కదా. ఇండోచైనా బ్యాంకు పాండిచ్చేరి శాఖ అచ్చువేసిన నోట్లు కూడా రూపాయి నోట్లే. జనం చేతిలో రూపాయి, స్టాంపు మీద రోజురోజుకీ చిక్కిపోతున్న ఫ్రాంకు! ఈ రెంటికీ ఎక్కువ కాలం పొసగదు.

అందుకే 1923లో స్టాంపుల మీద ఫ్రాంకునూ సెంతీమునూ తీసేసి రూపాయి, పణం, కాసు తెచ్చారు. ఇరవై నాలుగు కాసులు ఒక పణం. ఎనిమిది పణాలు ఒక రూపాయి. అంటే రూపాయికి 192 కాసులు. సరిహద్దు అవతల, బ్రిటిష్ వాళ్ల రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైసలు. అదీ 192. అంటే ఫ్రెంచి కాసు ఒకటి, బ్రిటిష్ పైస ఒకటి సరిసమానం. పణం అంటే రెండణాలు. కూరగాయలమ్మే అవ్వకు కూడా కొత్త లెక్క నేర్చుకోవాల్సిన పని పడలేదు. ఫ్రెంచి పాలకులు ఇక్కడ చేసిన అతి తెలివైన పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం. అలాంటివి ఎన్నో లేవు కూడా.

కొత్త నాణేనికి కొత్త స్టాంపులు పారిస్ నుంచి వచ్చేదాకా ఆగలేదు. పాత బ్రహ్మ, పాత కాళీ గుడి మీదే కొత్త ధర అచ్చుగుద్దారు. సెంతీముల్లో ఉన్న ధరను గీత కొట్టి, కింద పణాలూ కాసులూ. అవే బొమ్మలు కొత్త ధరలతో నేరుగా అచ్చయి వచ్చింది 1929లో. స్టాంపులు పోగుచేసేవాళ్లకు ఈ ఆరేళ్లూ పెద్ద పండగ. ఒక్కో విలువ మీద ఒక్కో అచ్చు, రంగు మారిన సిరా, కాస్త పక్కకు జరిగిన అక్షరం... భూతద్దం పట్టుకుని కూర్చుంటే పూట గడిచిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఈ స్టాంపులు అసలు ఎవరు కొనేవారో చూడాలి. ఉత్తరం రాసేవాళ్లు కొంటారు, నిజమే. కానీ పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చందర్నగర్ కలిపినా ఎంత జనాభా? అందులో ఉత్తరం రాయగలిగేవాళ్లెందరు? ఆ అవసరానికి నాలుగైదు విలువలు చాలు. అయినా చాంతాడంత వరుసలు వచ్చాయంటే కారణం ఐరోపాలో ఉంది. వలసల స్టాంపులను సేకర్తలకు అమ్మడానికి పారిస్‌లో ప్రత్యేకంగా ఒక తపాలా ఏజెన్సీయే ఉండేది. పాండిచ్చేరి గుమ్మం తొక్కకుండానే పాండిచ్చేరి స్టాంపు పారిస్ కౌంటర్లో అమ్ముడై లియోన్‌లోనో బ్రస్సెల్స్‌లోనో ఒక ఆల్బంలో చేరిపోయేది. ఆ స్టాంపు ఏనాడూ ఉత్తరం మోయదు కాబట్టి, వచ్చిన డబ్బులో కాగితం, అచ్చు ఖర్చు పోగా మిగిలిందంతా లాభమే.

ఈ వ్యాపారానికి స్మారక స్టాంపులు బాగా అచ్చొచ్చాయి.

1931లో పారిస్ శివార్లలోని వాన్సెన్ అడవిలో అంతర్జాతీయ వలసల ప్రదర్శన జరిగింది. ఫ్రాన్స్ తన సామ్రాజ్యాన్నంతా ఒక్కచోటికి తెచ్చి చూపించుకున్న సంబరం అది. కాంబోడియాలోని అంగ్కోర్ వాట్ గుడికి నిలువెత్తు నమూనా కట్టి, దీపాలతో మెరిపించారు. ఆ సందర్భంగా ఇరవైకి పైగా వలసలకు ఒకేసారి స్టాంపులు వేశారు. బొమ్మలు అన్నిటికీ అవే నాలుగు. మారేది వలస పేరు, ధర. మన వాటా నాలుగు స్టాంపుల ధరలు పది కాసులు, పన్నెండు, పద్దెనిమిది, ఒక పణం పన్నెండు కాసులు. వాటి మీద సామ్రాజ్యంలోని రకరకాల జాతుల మొహాలు, వర్తకం, వీళ్లందరికీ నాగరికత దారి చూపిస్తున్న ఫ్రాన్స్ మాత. పాండిచ్చేరి అన్న మాట స్టాంపు మీద లేదు. ఇక్కడి సముద్రపు ఒడ్డు లేదు, గుడి లేదు, మనిషీ లేడు. బ్రహ్మ, కాళీ గుడి ఉన్న మామూలు స్టాంపుల మీదైనా ఈ నేల ఉంది. పండుగ స్టాంపు దగ్గరికొచ్చేసరికి ఈ నేల మాయమైంది. ఈ తీరు చివరిదాకా మారలేదు. ఫ్రెంచి ఇండియా స్మారక స్టాంపుల చరిత్ర అంతా ఇంటి పేరు మనది, పెళ్లి వాళ్లది అన్నట్టు నడిచింది.

ఆ పెళ్లిళ్ల వరుస చూడండి. 1937లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన, ఆరు స్టాంపులు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన, రెండు. అదే ఏడాది ఫ్రెంచి విప్లవానికి నూట యాభై ఏళ్లు. బాస్తీయ్ కోటను జనం పడగొట్టే దృశ్యం, ధర మీద అదనంగా చందా.

ఈలోగా ఊళ్లో ఏం జరుగుతోంది? పాండిచ్చేరి అప్పటికి నూలు మిల్లుల ఊరు. కూత పడకముందే మిల్లుకు నడిచి, పొద్దుగూకాక ఇంటికి చేరే కార్మికులు వేలమంది. 1936 జులై 30న సవానా మిల్లు సమ్మె మీద ఫ్రెంచి సైనికులు కాల్పులు జరిపారు. పన్నెండు మంది చనిపోయారు. వి. సుబ్బయ్య నాయకత్వంలో సాగిన ఆ పోరాటం ఊరికే పోలేదు. మరుసటి ఏడాది ఎనిమిది గంటల పనిదినం చట్టమైంది. ఆ 1937లోనే పారిస్ ప్రదర్శన ఆరు స్టాంపులూ వచ్చాయన్నది గుర్తుంచుకోండి. కాల్పులు జరిగిన మూడేళ్లకు, తుపాకీ గుండ్లకు పన్నెండు ప్రాణాలు పోయిన ఊళ్లోనే బాస్తీయ్ తిరుగుబాటు స్టాంపు అమ్మకానికి పెట్టారు. ఇందులో వెక్కిరింత ఉందని పారిస్ అధికారికి తట్టి ఉండదు. ఒకే అచ్చు మీద ఇరవై పేర్లు మార్చుకుంటూ పోయేవాడికి ఒక్కో ఊరి కథ ఎందుకు పడుతుంది?

1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీ ముందు మోకరిల్లింది. పారిస్‌తో పాటు ఉత్తర భాగం, పడమటి తీరం జర్మన్ల చేతికి, మిగతాది విషీలోని మార్షల్ పెతాఁ ప్రభుత్వం చేతికి పోయింది. లండన్ నుంచి జనరల్ ద గోల్ లొంగేది లేదన్నాడు. ప్రతి వలస గవర్నరూ ఎటో ఒకవైపు తేల్చుకోవాలి. పాండిచ్చేరి గవర్నర్ లూయీ బోన్వాఁ ఆ సెప్టెంబరులోనే ద గోల్ పక్షాన నిలబడ్డాడు. దేశభక్తి ఒక కారణం. రెండో కారణం తెలుసుకోవాలంటే పటం చూస్తే చాలు. అయిదు చిన్న ముక్కలకూ చుట్టూరా బ్రిటిష్ ఇండియా. బియ్యం అటునుంచే రావాలి, రైలు అటునుంచే రావాలి. బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకున్న ఫ్రాన్స్ వైపు మొగ్గితే వారం గడవదు.

సరే, మరి స్టాంపులో? ఉన్నవన్నీ పాత ఫ్రాన్స్ స్టాంపులు, కొత్తవి తెప్పించుకోవడానికి పారిస్ అందదు. 1923 నాటి ఉపాయమే మళ్లీ పనికొచ్చింది. ఉన్న సరుకు మీద 'ఫ్రాన్స్ లీబ్ర్', అంటే స్వేచ్ఛా ఫ్రాన్స్ అనీ, ద గోల్ పక్షపు చిహ్నమైన లొరేన్ శిలువ గుర్తూ గుద్దారు. 1941 నుంచి వచ్చిన ఈ అదనపు అచ్చుల్లో నలుపుది ఒకటి, ఎరుపుది ఒకటి, నీలంది ఒకటి. ఆ తర్వాత కొన్నిటి మీద మళ్లీ ధర కూడా మార్చారు. న్యూయార్క్ ప్రదర్శన స్టాంపు మీద కూడా శిలువ పడింది. ఉత్సవం కోసం పుట్టిన కాగితం యుద్ధంలో చేరింది. కొన్ని విలువల్లో అచ్చు గుద్దినవి చాలా తక్కువ కాబట్టి ఇవాళ వాటికి మంచి ధర పలుకుతుంది. ధర ఉన్నచోట దొంగ అచ్చూ ఉంటుంది. మామూలు స్టాంపు తెచ్చి శిలువ గుద్దడం ఎంతసేపు? నిపుణుల ధ్రువపత్రం లేని 'ఫ్రాన్స్ లీబ్ర్' స్టాంపును పెద్ద ధర పెట్టి కొనకండి.

అవతల విషీ ప్రభుత్వం ఊరుకోలేదు. 1941లో పెతాఁ బొమ్మతో ఫ్రెంచి ఇండియా స్టాంపులు అచ్చువేయించింది. పాండిచ్చేరిలో తన మాట చెల్లదు, తన టపా చేరదు. అయినా వేసింది. అవి ఫ్రాన్స్‌లో సేకర్తలకు అమ్ముడయ్యాయి. పాండిచ్చేరి తపాలా కచేరీలో ఏనాడూ అమ్మకానికి రాలేదు. ఊరి పేరు మోసి ఊరి మొహం చూడని స్టాంపులవి.

లండన్ వైపు నుంచి జవాబు 1942లో వచ్చింది, అదీ తామరపూల రూపంలో. గీసినవాడు ఎడ్మండ్ డ్యులాక్. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, అరేబియన్ నైట్స్ కథలకు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. 1937లో ఆరో జార్జి పట్టాభిషేకానికి బ్రిటన్ వేసిన స్టాంపు కూడా ఆయన చేతిదే. ద గోల్ వెంట నడిచిన వలసలకు స్టాంపులు గీసే పని ఆయనకు పడింది. పాండిచ్చేరికి ఏ సింహాన్నో ఏనుగునో గీయకుండా తామరను ఎంచుకున్నాడు. వరుస మొత్తానికి ఒకే బొమ్మ, రంగులు మాత్రం వేరు. ఫ్రెంచి ఇండియా స్టాంపులన్నిటిలోనూ నన్నడిగితే ఇదే అందమైన వరుస. ధర కూడా సామాన్యులకు అందుబాటులోనే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు.

యుద్ధం ముగియగానే పారిస్ మళ్లీ పాత పద్ధతికి వచ్చేసింది. 1945లో ఫెలిక్స్ ఎబుయే స్మారక స్టాంపులు రెండు. ఎబుయే గయానాలో పుట్టిన నల్లజాతి గవర్నర్, ఆఫ్రికాలో చాద్‌ను ద గోల్ వైపు తిప్పినవాడు, 1944లో కైరోలో కన్నుమూశాడు. గౌరవించదగిన మనిషి, సందేహం లేదు. కానీ ఆ స్టాంపుల ధరలు చూడండి. మిగతా వలసల్లో 2 ఫ్రాంకులు, 25 ఫ్రాంకులు. పాండిచ్చేరికి వచ్చేసరికి ఒకటి 3 పణాల 8 కాసులు, రెండోది 5 రూపాయల 1 పణం 16 కాసులు! ఏ ఉత్తరానికైనా ఇలాంటి తపాలా ఖర్చు పడుతుందా? 25 ఫ్రాంకులను, ఫ్రాంకుకు 40 కాసుల చొప్పున కట్టిన లెక్క అది, అంతే. పారిస్ గుమాస్తా గుణింతం చేసి వదిలేశాడు. 1946లో విజయోత్సవానికి ఒకటి, చాద్ నుంచి రైన్ నది దాకా సాగిన దండయాత్ర గుర్తుగా ఆరు. 1948లో వచ్చిన మామూలు వరుసలో మాత్రం అప్సరస, విష్ణువు వంటి దేవాలయ శిల్పాలు కనిపించి కాస్త ఊరట కలిగిస్తాయి.

సరిహద్దుకు అవతల అప్పటికి లోకమే మారిపోయింది. 1947 నవంబర్ 21న స్వతంత్ర భారతం మూడు రంగుల జెండాతో, 'జై హింద్' అక్షరాలతో తొలి స్టాంపు వేసింది. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్టాంపులు వచ్చాయి. పాండిచ్చేరి నుంచి బండెక్కి విల్లుపురం వెళ్తే గాంధీ. ఇంటికి తిరిగొస్తే రైన్ నది ఒడ్డున ఫ్రెంచి సైన్యం. ఊరి జనం ఈ రెండు తపాలాల మధ్య బతికారు. 1949 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం సుంకాల ఒప్పందం రద్దుచేసుకున్నాక సరిహద్దు మరీ ఇరుకైంది. మూట విప్పి చూపించకుండా పక్క ఊరికి వెళ్లే వీలు లేదు. అదే ఏడాది జూన్ 19న చందర్నగర్ ప్రజలు ఓటేశారు: భారత్ వైపు 7,463, ఫ్రాన్స్ వైపు 114. రెండు వారాలకు, జులై 4న, విశ్వ తపాలా సంఘానికి డెబ్బై అయిదేళ్లు నిండిన స్మారక స్టాంపు ఫ్రెంచి ఇండియాకు వచ్చింది. లోకమంతా ఒకే తపాలా అన్న సందేశం దానిది. అయిదు స్థావరాల్లో ఒకటి అప్పటికే చెయ్యి జారిపోయింది.

ఇక చివరి అంకం. 1954 మార్చి 18న పాండిచ్చేరి ప్రాంతపు మేయర్లు విలీనం కోరుతూ తీర్మానించారు. నిన్నటిదాకా ఫ్రెంచివారి కుడిభుజమైన ఎదువార్ గుబేర్ కూడా ఇటు దూకాడు. నెల తిరక్కుండా నెట్టపాక్కంలో తాత్కాలిక ప్రభుత్వం వెలిసింది. జూన్ 13న యానాం. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి పాయ ఒడ్డున, కాకినాడ పక్కన ఉన్న ఆ తెలుగు ముక్కలోకి దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో స్వచ్ఛంద సేన నడిచి వెళ్లి పరిపాలన చేతుల్లోకి తీసుకుంది. ఫరంపేటలో పుట్టిన దడాలకు ఆ వీధులు కొత్త కాదు. జులై 16న మాహే కూడా ఫ్రెంచివారి చేతులు దాటింది.

ఆ 1954 జూన్‌లోనే పారిస్ ఫ్రెంచి ఇండియాకు మరొక స్మారక స్టాంపు పంపింది. నార్మండీ తీరంలో మిత్రసేనలు దిగిన దృశ్యం, ఫ్రాన్స్ విమోచనకు పదేళ్లు నిండిన గుర్తు. విమోచన! యానాంలో జెండా దిగిన నెలలో, పాండిచ్చేరి చుట్టూ పల్లెలు ఒక్కొక్కటే లేచి వెళ్లిపోతున్న నెలలో, పాలకులు అమ్మకానికి పెట్టింది తమ విమోచన స్టాంపు. ఎప్పటిలాగే బొమ్మ అన్ని వలసలకూ ఒకటే. మన పేరు వేసిన స్మారక స్టాంపుల్లో ఇదే ఆఖరిది.

అక్టోబర్ 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేశారు. 170 మంది విలీనానికి, ఎనిమిది మంది వ్యతిరేకం. నవంబర్ 1న పాలన భారత్ చేతికి వచ్చింది. అప్పటికి సరిగ్గా నెల కిందట, అక్టోబర్ 1న, భారత తపాలా స్టాంపుకు నూరేళ్లు నిండిన సందర్భంగా స్మారక వరుస వెలువడి ఉంది. కాసు, పణం కథ ముగిసింది. అణా వచ్చింది. రెండున్నరేళ్లకు అదీ వెళ్లి నయా పైస వచ్చింది.

సేకర్తలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. పైన చెప్పిన స్మారక స్టాంపుల్లో వాడనివి ఇప్పటికీ విరివిగా, చవగ్గా దొరుకుతాయి. కారణం తెలిసిందే: వాటిలో చాలా భాగం పారిస్‌లోనే అమ్ముడయ్యాయి. అరుదైనవి నిజంగా ఉత్తరం మోసిన కవర్లు, ముఖ్యంగా చిన్న ఊళ్ల ముద్ర ఉన్నవి. మాహే ముద్ర, ఫ్రెంచి వర్ణక్రమంలో 'యానాఓఁ' అని ఉండే యానాం ముద్ర ఉన్న కవరు దొరికితే దానికి విలువ బొమ్మ వల్ల కాదు, ఆ గుండ్రటి మరక వల్ల. ఆ ఊరు, ఆ తేదీ, ఆ చేతిరాత, ఆ చిరునామా, ఇవన్నీ కలిపి ఒక దస్తావేజు. 1892 నాటి తొలి వరుస కొనేవాళ్లు అంచు పళ్లు లెక్కపెట్టడం మరవకండి. రెండు సెంటీమీటర్ల నిడివిలో అడ్డంగా 14, నిలువుగా 13½ ఉంటే అసలుది కావచ్చు. అవే తారుమారై 13½, 14 ఉంటే జెనీవాలో కూర్చుని నకళ్లు అమ్మిన ఫోర్నియే సరుకు. ఆయన వాటిని నకళ్లని చెప్పే అమ్మాడు. చేతులు మారినకొద్దీ ఆ మాట ఎగిరిపోయింది.

యానాం, కాకినాడ, పాండిచ్చేరి కుటుంబాల ట్రంకు పెట్టెల్లో తాతలనాటి ఉత్తరాలు ఉంటే, దయచేసి స్టాంపును నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. కవరును కవరుగానే ఉంచండి. అంటుకునే టేపు అసలు వేయకండి. లోపలి ఉత్తరాన్ని కూడా విడదీయకండి.

వచ్చే భాగంలో 1960 సెప్టెంబర్ 11కు వెళ్దాం. బ్రిటిష్ పోలీసుల కన్నుగప్పి 1908లో పాండిచ్చేరి చేరి, పదేళ్లు ఇక్కడే తలదాచుకున్న సుబ్రహ్మణ్య భారతి బొమ్మతో భారత ప్రభుత్వం 15 నయా పైసల స్టాంపు విడుదల చేసిన రోజది. చట్టం దృష్టిలో పాండిచ్చేరి ఆనాటికి ఇంకా ఫ్రాన్స్‌దే. పూర్తి హక్కు భారత్‌కు దఖలు పడింది 1962 ఆగస్టు 16న.